నేను గెలిచిన పోటీ మీద నా అభ్యంతరం

పోయిన ఉగాది గుర్తుందా? 2025 మార్చి 30, ఆదివారం. పొద్దున హాస్టల్ మెస్‌లో ఉగాది పచ్చడి (వేపపువ్వు తక్కువ, బెల్లం ఎక్కువ), సాయంత్రం సెమినార్ హాల్లో పంచాంగ శ్రవణం. విశ్వావసు నామ సంవత్సరంలో ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని విని, నవ్వుకుంటూ రూములకొచ్చాం. అక్కడే ఎవడో అన్నాడు: "మన రాశి ఫలాలు సరేరా, నిఫ్టీ రాశి ఫలం ఎవరు చెప్తారు?"

అలా పుట్టింది మన పోటీ. రూలు ఒక్కటే. ఏప్రిల్ 30న నిఫ్టీ ఎంత దగ్గర క్లోజ్ అవుతుందో ఒక అంకె రాయాలి, పక్కన ఒక లైన్లో కారణం రాయాలి. దగ్గరగా వచ్చినవాడికి మిగతావాళ్లంతా కలిసి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బిర్యానీ పెట్టించాలి. ముప్పై ఒక్క మంది వాట్సాప్ గ్రూపులో అంకెలు పెట్టారు. గెలిచింది నేను. నేను రాసింది 24,350. ఏప్రిల్ 30న నిఫ్టీ ముగిసింది 24,334.20 దగ్గర. తేడా 15.80 పాయింట్లు. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ కొందరి స్టేటస్‌లో తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు పరాభవ నామ సంవత్సరం వస్తోంది (పేరు నేను పెట్టింది కాదు). క్లబ్బులో మళ్లీ పోటీ పెడదామంటున్నారు. ఈసారి ఎంట్రీకి వంద రూపాయలు, గెలిచినవాడికి మొత్తం. పైగా "పోయినసారి విన్నర్ టిప్స్" అని నన్ను ఒక పేజీ రాయమన్నారు. ఆ పేజీ ఇదే. మీరు అనుకున్నట్టు మాత్రం ఉండదు.

ముందు, ఎలా గెలిచానో నిజం చెప్పేస్తాను. గ్రూపులో నేను రాసిన కారణం ఇది: "ఐదు నెలలు వరసగా పడి, మార్చిలో లేచింది కాబట్టి ఏప్రిల్లోనూ లేస్తుంది." చదవడానికి బాగానే ఉంది. 2024 అక్టోబర్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా నిఫ్టీ ప్రతి నెలా నష్టంతోనే ముగిసింది, మార్చిలో ఆరు శాతం పైనే పెరిగింది. ఇవి నిజాలే. కానీ నేను అంకె వేసింది వాటిని చూసి కాదు. నా వంతు వచ్చేసరికి గ్రూపులో ఇరవై పైన ఎంట్రీలున్నాయి. మొదటివాడు 23,700 పెట్టాడు, వాడి వెనక అందరూ 23,600 నుంచి 23,800 మధ్యలో కుప్పగా కూర్చున్నారు. ముందు శుక్రవారం మార్చి 28న నిఫ్టీ 23,519.35 దగ్గర ఆగింది కదా, దానికి కొంచెం కలిపి అందరూ అదే పాట. 24,000 పైన చూస్తే ఇద్దరే ఉన్నారు, ఒకడు 24,100, ఒకడు 25,000. మధ్యలో ఖాళీ. బస్సులో ఖాళీ సీటు కనపడితే కర్చీఫ్ వేసినట్టు నేను 24,350 వేశాను. కారణం తర్వాత వెతికాను.

ఇది మోసం కాదు. అలాంటి పోటీలో గెలవాలంటే అదే సరైన పద్ధతి. ఆటే అలా తయారైంది. నిజంగా నీకు 23,700 అనిపించినా అక్కడ రాస్తే, అక్కడికే వచ్చినా, పదిహేను మందితో పంచుకోవాలి. ఎవరూ లేని చోట నిలబడితే అటు వచ్చిన రోజు ప్రైజంతా నీదే. అంటే ఈ పోటీ మన మనసులో ఉన్న అంచనాని బయటికి లాగదు, పక్కవాడి అంకె చూసి వేసే ఎత్తుని బయటికి లాగుతుంది. ఆర్థికవేత్త కీన్స్ 1936లో రాసిన పుస్తకంలో షేర్ మార్కెట్‌ని ఒక పత్రిక పోటీతో పోల్చాడు. వంద ఫొటోల్లోంచి ఆరు అందమైన ముఖాలు ఎంచాలి, అందరి ఎంపికకీ దగ్గరగా ఎవరిది వస్తే వాళ్లకి బహుమతి. అప్పుడు నీకు నచ్చిన ముఖం కాదు, మిగతావాళ్లకి ఏది నచ్చుతుందని వాళ్లు అనుకుంటారో దాన్ని పట్టుకోవాలి. మన పోటీ దానికి తిరగేసిన బొమ్మ, అంతే. అక్కడ గుంపులో కలవాలి, ఇక్కడ గుంపుకి దూరంగా ఉండాలి. రెంటిలోనూ కంపెనీ గురించి గానీ, దేశం గురించి గానీ ఒక్క ముక్క తెలియక్కర్లేదు.

ఇక తేదీ సంగతి. ఏప్రిల్ 30 అని పెట్టింది కూడా నేనే, నెలాఖరు కదా అని. ఆ నెలలో ఏం జరిగిందో ఒక్కసారి వెనక్కి తిప్పండి. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దేశదేశాల మీద సుంకాలు ప్రకటించాడు, మన మీద 26 శాతం. ఏప్రిల్ 7 సోమవారం సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడింది, నిఫ్టీ 22,161.60కి వచ్చింది. ఆ రోజు నా తేడా 2,188.40 పాయింట్లు. ముప్పై ఒక్క మందిలో నా వెనక ఉన్నది ఒక్కడే, ఆ 25,000 వాడు. మెకానికల్లో ఒకడు 22,000 రాశాడు, కారణం దగ్గర "అంతా పోతుంది" అని మాత్రం రాశాడు. ఆ రోజు వాడే మహారాజు. గ్రూపులో వాడికి దండాలు పెట్టారు. తర్వాత ఏప్రిల్ 9 రాత్రి మనం నిద్రపోయాక, చైనా తప్ప మిగతా దేశాలకి పెంచిన సుంకాలు తొంభై రోజులు ఆపుతున్నట్టు ప్రకటన వచ్చింది. మార్కెట్ లేచింది. ఏప్రిల్ 17న 23,851.65. ఆ రోజుకి పోటీ ముగిసుంటే 23,800 రాసిన ఈసీఈ అమ్మాయి గెలిచేది, 51.65 పాయింట్ల తేడాతో. ఏప్రిల్ 30కి నేను.

అవే ముప్పై ఒక్క అంకెలు, అదే నెల. ఏడో తారీఖుకి ఒక మేధావి, పదిహేడుకి ఒకరు, ముప్పైకి ఒకడు. నేను మెరుగయ్యింది ఏమీ లేదు, మెకానికల్ వాడు తెలివి తగ్గిందీ లేదు. వాషింగ్టన్‌లో ఒకాయన మనసు మార్చుకున్నాడు. నేను రాసిన కారణంలో సుంకాల మాటే లేదు, ఎందుకంటే ఆ రోజు నాకు ఆ సంగతే తెలీదు.

ప్రాబబిలిటీ పేపర్ రాసినవాళ్లం కాబట్టి ఇంకో లెక్క కూడా చూద్దాం. 22,000 నుంచి 25,000 దాకా 3,000 పాయింట్ల రోడ్డు. దాని మీద ముప్పై ఒక్క మందిని సమాన దూరంలో నిలబెడితే ఒకరికొకరికి దూరం వంద పాయింట్ల లోపే. నిఫ్టీ ఆ రోడ్డు మీద ఎక్కడ ఆగినా ఎవడో ఒకడు యాభై పాయింట్ల లోపల ఉండి తీరాలి. అంటే "అద్భుతంగా చెప్పాడురా" అనిపించుకునే మనిషి పోటీ మొదలవ్వక ముందే గ్యారంటీ. ఎవడన్నది మాత్రమే తేలాలి.

ఇదంతా ఇప్పుడు ఇంత చల్లగా చెప్తున్నాను గానీ అప్పుడు నాకు ఒక్క ముక్క తట్టలేదు. బిర్యానీ తిన్నాక పది రోజులు నేను నేలమీద లేను. జూనియర్లు వచ్చి "అన్నా, రేపెలా ఉంటది?" అని అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి! రెండుసార్లు సరిపోయింది కూడా. అప్పటికే నాకు డీమ్యాట్ ఖాతా ఉంది, అందులో ఒక బ్యాంకు షేరు మూడు, ఒక ఫార్మా షేరు ఒకటి. మే మొదటి వారంలో ఆప్షన్లు ఆన్ చేయించుకున్నాను.

మే 7న ఆపరేషన్ సిందూర్. సరిహద్దు మీద డ్రోన్లు, వార్తల్లో సైరన్లు. మే 9 శుక్రవారం మార్కెట్ పడింది, నిఫ్టీ 24,008 దగ్గర ఆగింది. శని, ఆదివారాల్లో యుద్ధం ముదురుతుందని, సోమవారం మార్కెట్ కుప్పకూలుతుందని నాకు గట్టి నమ్మకం. ఆ మధ్యాహ్నమే 23,800 పుట్ రెండు లాట్లు కొన్నాను. తెలియనివాళ్ల కోసం: పుట్ అంటే నిఫ్టీ పడితే విలువ పెరిగే కాగితం, గడువు తేదీ దాటితే చెత్తబుట్టకి. అప్పుడు లాటుకి 75, ఒక్కోటి సుమారు 180 రూపాయలు. మొత్తం 27,000.

ఆ డబ్బు నాది కాదు. సెమిస్టర్ ఫీజుకి నాన్న వేసింది. మాకు గొలుగొండ వైపు కొంచెం జీడితోట ఉంది, ఏప్రిల్‌లో పిక్కలు అమ్మి నా ఖాతాలో వేశాడు.

మే 10 శనివారం సాయంత్రం కాల్పుల విరమణ. ఊళ్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను ఫోన్ చూసుకుంటూ ఏమనుకున్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. సోమవారం నిఫ్టీ ఒక్కరోజులో 916.70 పాయింట్లు పెరిగి 24,924.70కి వెళ్లింది. పొద్దున తొమ్మిదింపావుకే నా కాగితం సగానికి పైగా ఆవిరి. "కొంచెం తగ్గుతుందిలే" అని సాయంత్రం దాకా పట్టుకుని కూర్చున్నాను. చివరికి చేతికొచ్చింది రెండు వేల లోపు.

నాన్నకి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఫోన్లో విని, "ఎంత పోనాది?" అని ఒక్కటే అడిగాడు. చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అమ్మకి నేను చెప్తాన్లే, పరీక్షలు బాగా రాయి" అని పెట్టేశాడు. ఫీజు లేటుగా కట్టాం, ఫైన్‌తో సహా. ఎలా సర్దాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక్కడ ఎవరైనా అనొచ్చు: "పోటీకీ నువ్వు ఆప్షన్లలో దిగడానికీ ఏం సంబంధం? అది నీ తప్పు." నిజమే, తప్పు నాదే. పోటీ నన్ను కొనమని చెప్పలేదు. కానీ నాకు తెలియనిది తెలుసని చెప్పింది ఆ పోటీయే, చప్పట్లతో సహా. పోటీలో తప్పు చెప్తే పోయేది ఏమీ లేదు, నలుగురూ నవ్వుతారు, అంతే. డబ్బు పెట్టిన చోట తప్పు చెప్తే పోయేది మన ఇంటిది. మొదటిదానిలో వచ్చిన ధైర్యాన్ని రెండోదానికి పట్టుకెళ్లాను. వంద రూపాయల ఎంట్రీ పెడితే ఆ రెండింటికీ మధ్య గోడలో ఒక తలుపు తీసినట్టే.

నా ఒక్కడి కథ అనుకోకండి. సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక అధ్యయనం బయటపెట్టింది. అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ముప్పై ఏళ్ల లోపు వాళ్ల వాటా 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. ఇంకో మాట: ఆ ఆటగాళ్లలో 72 శాతం పైగా పెద్ద నగరాల జాబితాలోని మొదటి ముప్పై దాటిన ఊళ్లవాళ్లు. అంటే ముంబై, హైదరాబాద్ వాళ్లు కాదు. మనలాంటి ఊళ్లవాళ్లు. నర్సీపట్నం లాంటి ఊళ్లలో హాస్టల్ మంచం మీద పడుకుని ఫోన్ చూసేవాళ్లు.

అదే సెబీ 2024 మేలో ఎక్స్ఛేంజీలకి ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. నిజమైన షేర్ ధరలతో ఉత్తుత్తి ట్రేడింగ్ ఆటలు ఆడించే యాప్‌లకి లైవ్ ధరలు ఇవ్వొద్దని, చదువు కోసమైతే ఒకరోజు ఆలస్యంగా ఇవ్వొచ్చని, అదీ డబ్బు ప్రోత్సాహకాలేమీ లేకుండా ఉండాలని. అది మన హాస్టల్ గ్రూపు గురించి కాదు, నాకు తెలుసు. కానీ గీత ఎక్కడ గీశారో చూడండి: ఆట దగ్గర కాదు, ఆటకి డబ్బు తగిలిన చోట. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం కూడా చేసింది. యూపీఐలో వంద పంపి అంకె రాసి మొత్తం కొట్టుకుపోయేదాన్ని మీరు ఏమని పిలుస్తారో మీ ఇష్టం. సంక్రాంతికి కోడి మీద కట్టేదాన్ని మా ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు.

మరి పోటీయే వద్దా? అలా నేననను. ఆ నెలలో మనం నేర్చుకున్నది తక్కువేం కాదు. ఏప్రిల్ 9న రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 6 శాతానికి తగ్గిస్తే, రెపో అంటే ఏంటో మెస్‌లో అరగంట వాదించుకున్నాం. సివిల్ వాడొకడు వైజాగ్ స్టీల్ షేరు కొంటానని తిరిగి, అది అసలు మార్కెట్లో లిస్ట్ కాలేదని తెలుసుకున్నాడు. అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఆ ఈసీఈ అమ్మాయి. వాళ్ల నాన్న పాయకరావుపేట వైపు రొయ్యల హేచరీలో పనిచేస్తారు. సుంకాల వార్త వచ్చిన రోజు మేమంతా చార్టు చూస్తుంటే, ఆవిడ "మన రొయ్య ఎక్కువగా పోయేది అమెరికాకే కదా, రేపట్నుంచి చెరువు దగ్గర రేటు తగ్గిస్తారు" అంది. తగ్గించారు కూడా. అప్పుడు మాలో చాలామందికి మొదటిసారి అర్థమైంది, ఈ అంకెల వెనక చెరువులు, మనుషులు ఉన్నారని. కానీ మన పోటీలో ఆవిడకి ఆ మాటకి ఒక్క మార్కు కూడా రాలేదు. బిర్యానీ ఖాళీ సీటు చూసుకున్నవాడికి దక్కింది.

నిపుణుల సంగతి కూడా ఇంతే. అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్ 1988లో ఒక పోటీ మొదలెట్టింది. ఒకవైపు ఫండ్ మేనేజర్లు ఎంచిన షేర్లు, ఇంకోవైపు కాగితం మీద బాణాలు విసిరి ఎంచిన షేర్లు. వంద రౌండ్లయ్యాక చూస్తే నిపుణులు బాణాల మీద 61 సార్లు గెలిచారు, డౌ జోన్స్ సూచీ మీద మాత్రం 51 సార్లే. బొమ్మా బొరుసా కంటే ఒక్కటి ఎక్కువ. ఇక మన సత్యం కంప్యూటర్స్‌ని తీసుకోండి. 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు, 2009 జనవరి 7న లెక్కల్లో చూపించిన ఐదు వేల కోట్లకు పైగా నగదు అసలు లేదని ఛైర్మన్ స్వయంగా రాసిన ఉత్తరం. ఆ ఒక్కరోజులో షేరు మూడు వంతులకు పైగా పడిపోయింది. ముందురోజు ఎంత గొప్ప చార్టు గీసినవాడైనా ఏం అంకె రాసుంటాడు?

అందరి అంకెల సగటు తీస్తే సరిగ్గా వస్తుంది కదా అని ఒకడన్నాడు. ఆ మాట గాల్టన్ ఎద్దు కథ నుంచి వచ్చింది. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దు మాంసం బరువు ఎంతుంటుందో చెప్పమని పోటీ పెట్టారు. 787 చీటీల మధ్య అంకె 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198. అద్భుతమే. కానీ అక్కడ ఎవరి చీటీ వాళ్లు రాశారు, ఎద్దు కళ్ల ముందే ఉంది. మన గ్రూపులో మొదటివాడి 23,700 చూసి మిగతావాళ్లు రాశారు, ఎద్దు ఇంకా పుట్టనే లేదు. మన మధ్య అంకె 23,650, దాదాపు ఏడు వందల పాయింట్లు తప్పు.

కాబట్టి పోటీ పెట్టండి, కానీ నేను గెలిచిన పోటీ కాదు. అంకెలు గ్రూపులో వద్దు, చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. ఒక అంకె బదులు ఒక హద్దు రాయనివ్వండి, ఇంతకీ ఇంతకీ మధ్య అని. హద్దు ఎంత ఇరుగ్గా ఉండి నిజమైతే అన్ని మార్కులు, తప్పితే సున్నా. అప్పుడు "నాకు ఎంత తెలుసు" అన్నదానితో పాటు "నాకు ఎంత తెలీదు" అన్నది కూడా రాయాల్సి వస్తుంది. ఒక్క తేదీ కాదు, మూడు తేదీలు పెట్టి, ఏవో ముందే చెప్పకండి. "ఏమీ మారదు" అనే పేరుతో ఒక చీటీ క్లబ్బే వేయాలి, దాన్ని ఓడించలేనివాడికి స్టేటస్ పెట్టుకునే హక్కు లేదు. సగం మార్కులు కారణానికి ఇవ్వాలి, నెల అయ్యాక ఆ కారణం నిజమైందా లేదా అని అందరి ముందూ చదవాలి. అంకె కుదిరి కారణం తప్పితే దానికి నేనొక పేరు కూడా ఆలోచించాను, పత్రికలో అచ్చు వేయరు. డబ్బు మాత్రం ఒక్క రూపాయి వద్దు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పిక్కల అమ్మకం గురించి నాన్నని అడిగాను, రేటు ఎప్పుడు పెరుగుతుందో ఎలా తెలుస్తుందని. "నాకేటి తెలుస్తాది? సగం అప్పుడే అమ్మేత్తాను, సగం ఉంచుతాను. పెరిగితే ఆ సగానికి పెరుగుతాది, తగ్గితే ఈ సగం అమ్మీసాను కదా" అన్నాడు. పోయినేడు సగం అమ్మిన డబ్బే నాకు వేశాడట. మిగతా సగం తర్వాత తక్కువకి అమ్మాల్సి వచ్చింది, నా ఫైన్ కట్టడానికి తొందర పడి. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

చీటీలకి లైబ్రరీ బయట నోటీసు బోర్డు పక్కన ఒక డబ్బా పెట్టిస్తున్నాం. ఉగాది ముందురోజు సాయంత్రం ఐదు దాకా వేయొచ్చు. నా చీటీ నేను వేసేశాను, హద్దు 2,600 పాయింట్ల వెడల్పుంది. నవ్వుకోండి.